మూడో ఆదివారం

మొన్న నంద్యాలలో డిగ్రీ చదువుతున్న మా మనవరాలు ఒక ప్రశ్న పట్టుకొచ్చింది. విషాదాంత నాటకాల్లో పడుచు ప్రేమికుల మీద పెద్దల ప్రభావం గురించి రాయాలట. "జేజినాయనా, లైబ్రరీ అంతా చదివినావు కదా, చెప్పు" అంది. ఏడో తరగతితో బడి మానేసినా, శాఖా గ్రంథాలయంలో నాటకాల అల్మారా మొత్తం ఖాళీ చేసినవాణ్ణని నాకు ఇప్పటికీ కాస్త గర్వమే. ఆ నాటకాల్లో పిల్లల్ని పగవాళ్లకంటే మేలు కోరేవాళ్లే ఎక్కువ ముంచుతారని చెప్పాను. బుద్ధిగా రాసుకుంది. ఆ సంగతి నాకు అల్మారాలో దొరికింది కాదని మాత్రం చెప్పలేకపోయాను.

డెబ్బయ్యో దశకం చివర నేను నంద్యాలలో ఒక బట్టలకొట్టులో గుమాస్తాను. మా చిన్నాయన కొడుకు పత్తి జిన్నింగు మిల్లులో పనిచేస్తూ మా ఇంట్లోనే ఉండేవాడు. వాడూ, ఇక్కడ టీచరు ట్రైనింగు చదివిన ఆళ్లగడ్డ పిల్లా ఇష్టపడ్డారు. తల్లీతండ్రీ లేని ఆ పిల్లను మేనత్త పెంచింది. చదువు ముగిసి పిల్ల ఊరికి పోగానే ఆ మేనత్తే పాణ్యం సంబంధం ఖాయం చేసింది. మా చర్చీల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పొచ్చు. "ఈ ఆదివారం మొదటి ప్రకటన. నువ్వొచ్చి లేచి నిలబడు, నేనూ లేస్తాను" అని ఆ పిల్ల జాబు రాసింది.

వాడు జాబు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఏం చేయమంటావ్ అన్నా?" అన్నాడు. అంత పెద్ద విషయం నన్నడిగినవాళ్లు అంతకుముందు లేరు. చదివిన నాటకాలన్నీ ఒక్కసారిగా తలకెక్కాయి. మొదటి వారమే లేస్తే పిల్ల మనసు విరిచేందుకు పెద్దలకు రెండు వారాలు దొరుకుతాయి, మూడో వారం లేస్తే వాళ్లకు ఊపిరి పీల్చుకునే సందుండదు అని వివరించాను. జవాబు మేనత్త చేతిలో పడుతుందని, అదీ రాయొద్దన్నాను.

పొయ్యి దగ్గర్నుంచి మా ఆవిడ, "ఆ పిల్ల రమ్మనింది ఈ వారం కదా. మీరేందీ ముహూర్తం మారుస్తాండారు?" అంది.

"నీకు నాటకం తెలీదు" అన్నాను.

"నాకు ఆడపిల్ల తెలుసు" అంది.

తమ్ముడు ఆమెను చూసి, నన్ను చూసి, చివరికి నా మాటే విన్నాడు.

మూడో ఆదివారం పొద్దున బస్సుకే ఆళ్లగడ్డ చేరాం. చర్చిలో ఆడవాళ్లొక పక్క, మగవాళ్లొక పక్క చాపల మీద కూర్చున్నారు. ఆ పిల్ల ముందు వరసలో ఉంది, తల తిప్పలేదు. అయ్యగారు ప్రకటన చదవగానే తమ్ముడు లేచి, "ఆ పిల్ల నాకు మాటిచ్చింది అయ్యగారూ" అన్నాడు. అయ్యగారు పిల్లను లేపి అడిగారు. ఆమె వాణ్ణి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా నేను తట్టుకునేవాణ్ణి. "ఇచ్చింటి అయ్యగారూ. ఇప్పుడు పాణ్యమోళ్లకు ఇచ్చినా" అని కూర్చుంది. తమ్ముడు ఇంకా నిలబడే ఉన్నాడు. చెయ్యి పట్టి వాణ్ణి కూర్చోబెట్టడం తప్ప నాకేమీ చేతకాలేదు.

ఆరాధన ముగిశాక చెప్పుల దగ్గర మేనత్త నన్నాపింది. చెడ్డమనిషి కాదు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. "రెండు వారాలూ వాకిలి దిక్కే చూస్తాండె అప్పా. వచ్చేటోడైతే ఈపాటికి వచ్చుండడా, ఇంక మర్చిపో అని నేనే చెప్పి చెప్పి ఒప్పిస్తి. నిన్ననే సరే అనింది. యాడ పోయింటిరి మీరు?"

నంద్యాలలోనే, ఊరకే కూర్చుని ఉన్నామని ఎట్లా చెప్పేది?

తిరుగు బస్సులో తమ్ముడే నాకూ టికెట్టు తీసుకున్నాడు. ఇప్పటికీ వస్తాడు, బాగానే మాట్లాడతాడు. సలహా మాత్రం అడగడు. పద్నాలుగు రోజులే కదా అనుకున్నాను అప్పుడు. నలభై ఏళ్లు దాటిపోయాయి కానీ, ఆ పద్నాలుగు రోజులే ఇంకా గడవలేదు.