నడుం లోతు నీళ్ళు

మా పిల్లలిద్దరూ రెండేళ్ళు నిండకుండానే పగటి నిద్ర మానేశారు. ఇప్పుడు పాపకి ఆరేళ్ళు, బాబుకి నాలుగు. మధ్యాహ్నం పడుకోబెడితే కళ్ళు మూసుకుని నటిస్తారు, నేను అటు తిరగ్గానే లేచి కూర్చుంటారు. మొదట్లో ఏడుపొచ్చేది. పోనుపోను దాన్నే గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టాను. బందరులో నాతో పాటు కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళు పిల్లలు పడుకునే వేళ చూసుకుని ఎక్కడికీ కదల్లేకపోతుంటే, "మాకా బాదరబందీ లేదండీ" అనేదాన్ని. గర్వమంటే గర్వమే, ఇప్పుడు దాచుకుని ఏం లాభం.

మొన్న వేసవి సెలవుల్లో గుడివాడ అవతల ఉన్న వాటర్ పార్కుకి వెళ్దామనుకున్నాం. పరీక్షలకి టైం టేబుల్ వేసే అలవాటు నాది, ఆ రోజుకీ ఒకటి వేశాను. పది నుంచి పన్నెండు దాకా నీళ్ళు లేని ఆటలు, పన్నెండుకి భోజనం, ఒంటిగంట నుంచి నీళ్ళు, ఐదింటికి బయటికి. కారెక్కుతుంటే మా అత్తగారు గుమ్మం దిగి వచ్చారు.

"మధ్యాహ్నం ఓ గంట నీడపట్టున పడుకోబెట్టమ్మా."

"వాళ్ళు పడుకోరు కదండీ అత్తయ్యా."

"నిద్రపోకపోతే మానె, కాస్త ఒళ్ళు వాల్చనివ్వు."

నేను నవ్వి కారు తలుపు వేసుకున్నాను. ఆ గంట నా టైం టేబుల్లో లేదు.

పార్కు గేటు దాటిన దగ్గర్నుంచీ మైకు మోగుతూనే ఉంది. ఎర్ర చొక్కా వేసుకున్న మూడేళ్ళ బాబు ఆఫీసు గదిలో ఉన్నాడు, తల్లిదండ్రులు వెంటనే రావాలి. కాసేపటికి ఇంకో పాప. మైకు మోగినప్పుడల్లా నేను మా ఇద్దర్నీ లెక్కపెట్టుకున్నాను. ఉన్నదే ఇద్దరైతే లెక్కేమిటని మా ఆయన నవ్వారు.

భోజనాల దగ్గర బాబు పెరుగన్నం రెండు ముద్దలు తిని, మూడోది బుగ్గన పెట్టుకుని ఉండిపోయాడు. మొహం కందిపోయి ఉంది. ఊరికే అక్కని కొట్టాడు, తనే ఏడ్చాడు, అంతలోనే పకపకా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అయినా ఒంటిగంట దాటిపోయిందని లేవదీశాను. అలిసిపోయిన సంగతి వాడికి తెలియదు సరే, పెద్దదాన్ని, నాకు తెలియొద్దా?

పాపని తీసుకుని ఆయన జారుడుబల్లల వైపు వెళ్ళారు. పార్కు చుట్టూ పిల్ల కాలువలా కట్టి, నీళ్ళు మెల్లగా కదిలేట్టు పెట్టారు. ట్యూబులో కూర్చుని చుట్టి రావడమే అక్కడ ఆట. నేనూ బాబూ అందులో దిగాం. లైఫ్ జాకెట్ దురద పెడుతోందని వాడు పీకేస్తే నేనూ బలవంతం చెయ్యలేదు. నడుం లోతే కదా అనుకున్నాను. నా నడుం లోతు వాడికి ఎంత లోతో, కాలువల మధ్య పుట్టి పెరిగినదాన్ని, నాకొకరు చెప్పాలా?

వాడిని ట్యూబు మధ్యలో కూర్చోబెట్టి, దాని పట్టీ పట్టుకుని ముందు నేను నడుస్తున్నాను. విసుక్కోకుండా ఉంటాడని, తరవాత ఏమేం చేస్తామో కథలా చెప్పడం మొదలుపెట్టాను.

"ముందు ఐస్‌క్రీం తింటాం."

"ఊ."

"తరవాత చిన్న రైలు ఎక్కుతాం."

"ఊ."

కాలువ మీద కట్టిన చిన్న వంతెన కిందికి వచ్చేసరికి ఊ కొట్టడం ఆగిపోయింది. కథ మధ్యలో ఊ ఆగిందంటే పిల్లాడు నిద్రపోయినట్టేనని మన ఇళ్ళల్లో ఏ తల్లికైనా తెలుసు. నాకు తట్టలేదు. మా ఇంట్లో రాత్రిళ్ళు కూడా ఏ కథైనా చివరిదాకా చెప్పి తీరాల్సిందే. వాడు చివరికి దారిలోకి వచ్చాడనుకున్నాను. హమ్మయ్య అని కూడా అనుకున్నాను. ఆ హమ్మయ్య తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

కొంచెం దూరం పోయాక ట్యూబు తేలికైంది. నీటి వాలు కలిసొచ్చిందనుకుని అలాగే నడిచాను.

"ఏమ్మా, నీ పిల్లోడేడీ?"

గట్టు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. బందరు దగ్గర సముద్రపొడ్డు ఊళ్ళో చేపలమ్ముకునే మనిషట, మనవలతో వచ్చింది. చీరతో నీళ్ళలోకి రానివ్వరు కాబట్టి గట్టు మీదే ఉండిపోయింది. నేను వెనక్కి తిరిగాను. ట్యూబు ఉంది, వాడు లేడు. చుట్టూ పిల్లల కేరింతలు వినబడుతూనే ఉన్నాయి. వాడి గొంతు ఒక్కటే అందులో లేదు.

నేను అరవలేదు. కదల్లేదు కూడా. ఆవిడ నాకోసం చూడకుండా చీరతోనే దూకింది. వంతెన నీడలోకి వెళ్ళి, వంగి, అడుగున చేతులతో దేవులాడి వాడిని పైకి తీసింది. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. గట్టు మీద పక్కకి తిప్పి పడుకోబెట్టి వీపు మీద చరిచింది. మళ్ళీ చరిచింది. నీళ్ళూ, పెరుగన్నం మెతుకులూ బయటికొచ్చాయి. ఆ తరవాత దగ్గు, చాలాసేపటికి ఏడుపు.

"నిద్దట్లో జారిపోయాడు. ఎప్పుడు నిద్దరోయాడమ్మా?" అంది.

"వాడు పగలు నిద్రపోడండీ" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. తడి కొంగు పిండి వాడి ముక్కూ మూతీ తుడిచి నా ఒళ్ళో పెట్టింది.

గుడివాడ ఆస్పత్రిలో డాక్టరుగారు వాడి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. లోపలికి నీళ్ళు పోయి ఉండొచ్చు, రేపటిదాకా కనిపెట్టి చూడాలన్నారు. నిద్రొస్తే పోనివ్వండి, ఊపిరి మాత్రం చూస్తూ ఉండండి అన్నారు. మంచం మీద వెయ్యగానే వాడు నిద్రపోయాడు, నాలుగు గంటల వేళ, పట్టపగలు. నేను వాడి పొట్ట మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య అంత ఎడం ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. వాడికేమీ కాలేదు, మర్నాడు ఇంటికి పంపించేశారు. కానీ ఆ సాయంత్రం ఆ సంగతి మాకు తెలియదు.

మా ఆయన పాపని ఒళ్ళో పెట్టుకుని మంచానికి అవతల కూర్చున్నారు. పార్కులో కబురందగానే పాపని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చి, కారు నడిపింది ఆయనే. మెల్లగా, కోపం లేకుండా అడిగారు.

"చెయ్యి వదిలేశావా?"

"లేదండీ."

"మరి?"

"ట్యూబు పట్టుకునే ఉన్నాను. ఆవిడ పిలిచేదాకా వదల్లేదు. ఖాళీదాన్ని ఎంత దూరం లాక్కెళ్ళానో నాకే తెలియదు."