కింద నీళ్లుండాయి

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఆ మాటకొస్తే మా నాయన చేతిలోని కొబ్బరికాయనే నేను నమ్మలేదు.

నాయన గూళూరు చుట్టుపక్కల బోరు వేయించేవాళ్లకు నీళ్లు చూసిపెట్టేవాడు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేలో నడిచేవాడు. కాయ లేచి నిలబడిన చోట మడమతో నేలను రెండుసార్లు తట్టి, "కింద నీళ్లుండాయి" అనేవాడు. ఆ మాట కోసమే రైతులు ఆయన వెంట తిరిగేవారు.

నేను బాగేపల్లిలో సైన్సు టీచర్ని. "ఊరుకో నాయనా, కాయకేం తెలుస్తాది?" అని నలుగురిలో నవ్వేదాన్ని. మా సొంత చేలో ఆయన చూపించిన చోట బోరు వేయనివ్వలేదు కూడా. ఆ ఏడే పోయాడు. మన్నించమని అడగనైనా లేదు. ఆ బాధ నన్ను తినేసేది.

రెండేళ్ల కిందట వేసవి సెలవుల్లో, ఆ మధ్యే మా బడికి టీచరుగా వచ్చిన సావిత్రితో కలిసి హిమాలయాల్లో ఒక అభయారణ్యం చూడ్డానికి పోయాను. ఎప్పుడో వేల ఏళ్ల కిందట మంచునదులు కొండల్ని దొలుచుకుంటూ పోతే మిగిలిన లోయ అది. ఇన్నేళ్లూ బోర్డు మీద గీసి చెప్పిన పాఠం ఎదురుగా కనిపించేసరికి ఒళ్లు మరిచిపోయాను.

"మెల్లగా పో అక్కా, పడితే నేను మోయలేను" అని సావిత్రి వెనకనుంచి నవ్వుతోంది.

మధ్యాహ్నం. మంచి ఎండ. గైడు వెనకబడినవాళ్ల కోసం ఆగాడు. ముందు మంచు గట్టి నేలలా పరుచుకుని ఉంది. ఫోటో తీద్దామని దాని మీదికి కాలెత్తాను.

మడమతో నేలను తట్టిన చప్పుడు. రెండుసార్లు. వెంటనే నా చెవి దగ్గర, "కింద నీళ్లుండాయమ్మా."

ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాను. గైడు అరుస్తూ పరిగెత్తుకొచ్చి, కర్రతో ఆ మంచును పొడిచాడు. బెత్తెడు మందం పెచ్చు ఊడిపడింది. కింద వాగు సుడులు తిరుగుతూ పోతోంది.

ఆ గొంతు నా భ్రమే అనుకుందును. కానీ సావిత్రి చుట్టూ చూసి, "ఎవరక్కా, మన తెలుగు మాట్లాడింది? యాడుండాడు ఆయప్ప?" అంది. ఆమె మా నాయనను ఎన్నడూ చూడలేదు. ఆ గుంపులో మన వైపువాళ్లం మేమిద్దరమే.

అదేమిటో సైన్సు టీచరుగా ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు తేలలేదు. మా చేలో ఆయన తట్టిన చోట ఇంకా బోరు వేయించలేదు. అక్కడ నీళ్లు పడతాయో లేదో తెలియదు. ఊరికి పోయినప్పుడల్లా మాత్రం ఆ చోటికి వెళ్లి నిలబడతాను.

"ఉండాయిలే నాయనా" అని పైకే అంటాను.