దిండు కింద ఇనాము

ఇప్పటికీ ఏ లాడ్జి మెట్లెక్కినా, ఫినాయిలులో కలిసిపోయిన గంధం వాసన తగిలితే చాలు, మా అమ్మ చీర చెంగు గుర్తుకొస్తుంది. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో ఆమె గదులు ఊడ్చేది. తమిళుల పెరటాసి నెల శనివారాల్లో, గుండ్లకు గంధం పూసుకుని కొండ దిగివచ్చే యాత్రికులతో ఆ లాడ్జి కిటకిటలాడేది. వాళ్లు వదిలేసిన సబ్బుముక్కలు అమ్మ ఇంటికి తెస్తే, నేనూ చెల్లెలూ వాటిని నీళ్లలో నానేసి, బొప్పాయి ఆకు కాడతో సాయంత్రమంతా బుడగలు ఊదేవాళ్లం. క్రిస్మస్‌కు మా ఇంట్లో కజ్జికాయలు, గులాబీ పూలు వేగేది కూడా ఆ యాత్రికులిచ్చిన ఇనాముతోనే.

ఇనాముకు అక్కడొక పద్ధతి ఉండేది. గది ఖాళీ చేసేవాళ్లు ఇవ్వదలచుకున్నది కౌంటరు దగ్గర, మేనేజరు చూస్తుండగా, ఊడ్చే మనిషి చేతిలో పెట్టాలి. గదిలో దొరికింది ఏదైనా మరచిపోయిన వస్తువే, తెచ్చి అప్పగించాలి.

నేను ఆరో తరగతిలో ఉండగా నగరి నుంచి ఒక నేత కుటుంబం వచ్చింది. వాళ్ల పాపకు జ్వరం తగిలితే అమ్మ రెండు రోజులు ఇంటి నుంచి గంజి కాచి తీసుకెళ్లింది. వాళ్లు వెళ్లిపోయాక దిండు కింద, ఎర్ర నూలుపోగుతో చుట్టకట్టిన నోటు కనబడింది. ఆ పోగు చూసి, మరచిపోయింది కాదు, తనకే పెట్టారని అమ్మ రొంటిన దోపుకుంది. సద్ది తీసుకెళ్లిన నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా వెనక మేనేజరు.

"ఏం మే, యాడిదా నోటు?"

"పాప తల్లి నాకే పెట్టి పొయ్యిందయ్యా. సూడు, పోగు గూడా కట్టింది."

"నీ చేతికిచ్చిందా?"

అమ్మ ఔనని ఉంటే అక్కడితో అయిపోయేది.

"లేదయ్యా. దిండు కింద ఉన్నింది."

"ఆదివారమైతే సంకలో బైబులు, వారమంతా దిండ్ల కింద చెయ్యా!"

పని పోయింది. మాట మా మందిరానికీ చేరింది. నెల మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే ముందు పాస్టరుగారు అమ్మను పక్కకు పిలిచి, "నిజం తేలేదాకా ప్రభువు బల్ల దగ్గరికి రావద్దమ్మా" అన్నారు. బాప్తిస్మం పొందిన నాటినుంచి ఆమె ఒక్క నెల కూడా ఆ బల్ల తప్పలేదు.

రిజిస్టరులో వాళ్ల చిరునామా చూపమని నాయన బతిమాలినా మేనేజరు చూపలేదు. అయినా నాయన వడమాలపేట మీదుగా రెండుసార్లు నగరికి బస్సులో పోయి వచ్చాడు. "యాడని ఎతికేది మే? ఏ ఈదిలో సూసినా మగ్గాల సప్పుడే," అని గోడకానుకుని కూలబడ్డాడు.

ఏడాదికి పాస్టరుగారు దయతలచి మళ్లీ పిలిచారు. "తేలిందా అయ్యగారూ?" అని అడిగింది అమ్మ. బతికినన్నాళ్లూ ఆమె వెనక చాప మీదే కూర్చుని, పళ్లెం ముందుకొస్తే తాను ముట్టకుండా పక్కవారికి అందించేది. నేను ప్రతి నెలా ఆ రొట్టె తీసుకుంటాను. అమ్మ కూర్చున్న ఆ వెనక చాప మీదే కూర్చుని తీసుకుంటాను.

ఆ లాడ్జి ఇప్పుడు లేదు. ఆ చోట, కార్డు తాకిస్తే తలుపు తెరుచుకునే హోటలు లేచింది. గదులు ఊడ్చేవాళ్లు ఎవరికీ కనబడరు. ఏ హోటల్లో దిగినా నేనే వాళ్లను వెతికి, పిలిచి, ఇనాము నలుగురూ చూస్తుండగా చేతిలో పెడతాను. అమ్మ దొంగ కాదని చెప్పగలిగిన ఆ తల్లి నగరిలో ఏదో ఒక వీధిలో ఉండే ఉంటుంది. మాకు మేలు చేశాననే అనుకుంటూ ఉంటుంది.