మండితే కడుక్కో

కరోనా వచ్చాక మొదటి చలికాలం అది. సూరత్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, సగమే నడుస్తున్నాయి. మా ఆయన నేసే కార్ఖానాకు ఇంకా తాళం తీయలేదు. పాండేసరా వైపు ఒక రేకుల షెడ్డులో ఫినాయిల్ తయారుచేస్తున్నారని తెలిసి, ఇద్దరం అక్కడ పనికి కుదిరాం. వడోద్‌లోని మా గది నుంచి నడిచి వెళ్ళేంత దూరమే. ఊరంతా నేలలు కడుక్కుంటున్న కాలం. బట్ట కొనే నాథుడు లేడు గానీ ఫినాయిల్‌కు మాత్రం ఎక్కడలేని గిరాకీ.

నేను సీసాలు నింపేదాన్ని. ఆయనది డ్రమ్ముల పని. వాటిలో ఉండేది ఫినాయిల్‌లో కలిపే కార్బాలిక్ యాసిడ్. యాసిడ్ అంటే నీళ్ళలా ఉంటుందనుకునేదాన్ని. ఇది చలికి గడ్డకట్టి, తెల్లగా, కొంచెం గులాబీ రంగు తిరిగి, కలకండ పలుకుల్లా ఉండేది. మూత తీస్తే ఆస్పత్రి వాసన. డ్రమ్మును వేడినీళ్ళ తొట్టిలో నిలబెట్టి నిదానంగా కరిగించాలి. తొందరుంటే ఇనుప చువ్వతో పొడిచి పలుకులు తీసేవారు. తొందర ఎప్పుడూ ఉండేది.

జాగ్రత్తలు చెప్పాల్సిన సూపర్‌వైజర్ ఒకే ఒక్క మాట చెప్పాడు. "జలే తో ధో లేనా." మేం తెలుగువాళ్ళం దాన్ని "మండితే కడుక్కో" అని ఒకరికొకరం చెప్పుకున్నాం. రబ్బరు గ్లౌజులు అడిగితే, అవన్నీ ఆస్పత్రులకే చాలడం లేదంటూ నూలు గ్లౌజులు చేతిలో పెట్టాడు. నూలు దేన్నయినా పీల్చుకుంటుందని నేతవాళ్ళకు ఇంకొకరు చెప్పాలా? అయినా తొడుక్కున్నాం.

ఆ రోజుల్లో నాకు దేనికీ భయం వేసేది కాదు. అది ధైర్యం కాదు. ఫోన్ మోగితే ఊళ్ళో ఎవరో పోయారనే కబురే. "అట్లనా" అని పెట్టేసి మళ్ళీ మూతలు బిగించేదాన్ని. చిన్నప్పుడు నన్ను పెంచిన మా పెద్దమ్మ పోయిన రోజు కూడా అంతే. ఏడుపు రాలేదు. ఆకలి మాత్రం వేసింది.

అలాంటప్పుడు ఒక మంచి కబురు వచ్చింది. హోలీ తర్వాత మళ్ళీ సాంచెలు నడిపిస్తాను, వచ్చెయ్ అని పాత కార్ఖానా శేఠ్ మా ఆయనకు చెప్పి పంపాడు. ఆయనకు నేత తప్ప ఇంకో పని రాదు, నచ్చదు కూడా. సాంచెల చప్పుడులో పోగు తెగితే చెవి పనిచెయ్యదు, కన్ను ఆలస్యంగా పనిచేస్తుంది. వెంట్రుకకన్నా సన్నని ఆ కొసను ముందు వేళ్ళే దొరకబట్టాలి. ఆయన వేళ్ళకు కళ్ళున్నాయని తోటివాళ్ళు ఏడిపించేవారు.

ఆ వారంలోనే ఒక పొద్దున ఆయన పలుకులు తీస్తుంటే, అరచేతి చెమటకు అవి కరిగి గ్లౌజు తడిసిపోయింది.

"తీసి కడుక్కోరాదయ్యా," అన్నాను.

"మండుతలేదే. సల్లగున్నది, గంతే."

"ఏమో, జర సూసుకో."

"నువ్వు నీ సీసాలు సూసుకో. గీ యాసిడ్ నాకు సుట్టమైంది," అని నవ్వాడు.

నిజంగానే మండలేదు. చాయ్ వేళకు గ్లౌజు తీస్తే కుడిచేతి మూడు వేళ్ళ కొసలు నానిన అటుకుల్లా తెల్లగా ఉన్నాయి. గిచ్చాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంకా గట్టిగా గిచ్చాను.

"గిచ్చుతున్నవా?" అన్నాడు.

అప్పుడు భయం వేసింది. మగ్గుతో కాసిని నీళ్ళు పోశాను. తల తిరుగుతోందని ఆయన గోడకు చేరగిలబడ్డాడు. ఆటోలో దగ్గరి దవాఖానాకు తీసుకుపోయాను.

యాసిడ్ పేరు వినగానే డాక్టర్ ఆయన్ను కుర్చీలోంచి లేపి, సబ్బు రాసి, చెయ్యి కుళాయి ధార కింద పెట్టించి వదల్లేదు. "నొప్పేం లేదు సాబ్," అని మా ఆయన హిందీలో డాక్టర్‌కే ధైర్యం చెప్పబోయాడు.

"దర్ద్ నహీ హై, వహీ తో ముసీబత్ హై," అన్నాడు డాక్టర్. నొప్పి లేకపోవడమే అసలు ముప్పట. ఈ యాసిడ్ ముందు చర్మాన్ని మొద్దుబార్చి, తర్వాత తింటుందట. మంట కోసం ఎదురుచూడకూడదట. పడిన క్షణమే తడిసిన గుడ్డ తీసేసి ధారగా నీళ్ళు పోస్తూనే ఉండాలట. చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది కాబట్టే తల తిరిగిందన్నాడు. పెద్దాస్పత్రికి పంపితే, అక్కడ పడుకోబెట్టి గమనించి ఇంటికి పంపారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. కాలాయనే తెలియనివాడు ఏ ఆకు పట్టుకుంటాడు? సూపర్‌వైజర్ మీద ఒళ్ళు మండిపోయింది. గదికి చేరి బియ్యం కడిగేసరికి అదీ చల్లారిపోయింది.

ప్రాణానికి ఏమీ కాలేదు. వేళ్ళ మీది చర్మం నల్లబడి పొరలుగా ఊడింది. కింద నున్నగా కొత్త చర్మం వచ్చింది. చూసినవాళ్ళంతా బాగైపోయిందన్నారు. ఆయన కూడా అదే అన్నాడు, కొంచెం ఎక్కువసార్లు.

హోలీకి ముందు ఒక మధ్యాహ్నం, గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆయన కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు.

"పోగు పెట్టు. ఉన్నదో లేదో చెప్త."

చీర కొంగులోంచి ఒక పోగు లాగి వేళ్ళ మీద పెట్టాను.

"ఉన్నది."

చోటు మార్చి మళ్ళీ పెట్టాను. "ఉన్నది," అన్నాడు వెంటనే. నాకు సంబరమైంది. ఆటపట్టిద్దామని ఈసారి పోగు కింద పడేసి, ఉత్త చేతిని ఆయన వేళ్ళ పైన గాలిలో ఆడించాను.

"ఉన్నది," అన్నాడు, ముఖమంతా నవ్వుతో.

ఎన్నాళ్ళుగానో రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. చప్పుడు కాకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఉన్నది గదనే?" కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"ఉన్నది," అన్నాను.