కుట్టుకున్న కడుపు

పదకొండేళ్ల కిందట టైలరమ్మ పాపను చట్టప్రకారం దత్తత తీసుకుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అత్తగారు మాత్రం "ఎవరి బిడ్డో అని నలుగురూ అంటే నా తల ఎక్కడ పెట్టుకోను?" అని, కన్నబిడ్డేనని అందరికీ చెప్పాలని పట్టుబట్టింది. దాంతో పాప వచ్చేదాకా టైలరమ్మ దూదితో దొంగ కడుపు కుట్టి కట్టుకుని, నెలనెలా కాస్త పెంచుకుంటూ వీధిలో తిరిగింది.

అప్పటినుంచి ఆ అబద్ధానికి ఆమే కాపలా. "అచ్చం నీ ముక్కే" అని ఎవరన్నా నవ్వి ఊరుకోవాలి. పడని నొప్పులు పడ్డట్టు చెప్పాలి. పరువు అత్తగారిది, జైలు కోడలిది.

ఈ వారం పాప రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరు గుండె పరీక్ష కాగితం చూసి, "ఇది వంశంలో వచ్చే జబ్బు కావచ్చు. మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లున్నారా?" అని అడిగాడు.

"మాది రాయిలాంటి వంశం బాబూ! మా మామగారు తొంభై ఏళ్లకీ నామీద కేకలేసేవారు" అంది అత్తగారు.

డాక్టరు "లేరు" అని రాయబోయాడు. టైలరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"రాయకండి. మాకు తెలీదు."

అత్తగారు ఆమె మోచెయ్యి గిల్లింది. పాప తలెత్తి చూసింది.

"నువ్వు నా కూతురివే తల్లీ. కానీ నిన్ను కన్నామె వేరే. వాళ్లింట్లో ఎవరికేముందో నాకు తెలీదు."

పాప నానమ్మ వైపు చూసి మళ్లీ అమ్మ వైపు తిరిగింది.

"నానమ్మకి తెలుసా?"

"తెలుసు."

"నాన్నకి?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

టైలరమ్మ అత్తగారి వైపు చూసింది. ఆమె తల దించుకుంది.