వరండాలో చాప పరిచిన టీచరవ్వ

టీచరవ్వ పోయిందని పాస్టరమ్మ ఫోన్ చేసి చెప్పింది. శనివారం పొద్దున, నేను పనిచేసే నిజామాబాద్ బట్టల దుకాణంలో అప్పుడే చీరలు సర్దుతున్నాను. "అవ్వ ప్రభువు దగ్గరికి పోయిందమ్మా. పక్కింటి ఖాలా చాయ్ పట్టుకపోయి తలుపు కొడితే తియ్యలేదట. మూడింటికి సమాధి చేస్తం. వస్తవా?" అంది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక, చేతిలో ఉన్న చీర విప్పి మళ్లీ మడిచాను.

"ఎవరు పోయిన్రు?" అని సేటు అడిగాడు.

"మా టీచర్."

"ఏ బడిల?"

అది బడి కాదు. బోధన్‌లో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక ఒక చిన్న చర్చి ఉంది. ఆ చర్చికి వెనకవైపు రేకుల వరండా. ఆదివారం పొద్దున అక్కడ ఒక చాప పరిచి ఆమె మాకు బైబిల్ కథలు చెప్పేది. మిగతా ఆరు రోజులు బీడీలు చుట్టేది. పిల్లలు లేరు. భర్త ఫ్యాక్టరీలో పనిచేస్తూ చిన్న వయసులోనే చనిపోయాడట. పెద్దవాళ్లు ఆమెను సండేస్కూల్ అక్క అనేవాళ్లు. మాకు మాత్రం టీచరవ్వ.

చెప్పేది అంటున్నాను గానీ, నిజానికి ఆమె కథ చెప్పడం తక్కువ. చేయించడం ఎక్కువ. నోవహు ఓడ కథ రోజున ఎండిన చెరుకు పిప్పి తెచ్చి కుప్ప పోసింది. దాన్ని దారంతో కట్టి మేం ఓడ చేశాం. బట్టలు నానబెట్టే టబ్బులో వేస్తే మొదటిది మునిగింది, రెండోది మునిగింది. మూడోది తేలేసరికి మధ్యాహ్నమైంది. "గీ చిన్న దానికే గింత కష్టమయింది. ఆయన ఎన్నేండ్లు కట్టిండో, సుట్టుపక్కలోళ్లు ఎంత నవ్విండ్రో సూడున్రి," అంది. అంతే, ఆ రోజుకు పాఠం అయిపోయింది. "చెవిల ఏస్తే ఇంటికి పోయేదాంక ఉండది, చేతికి అంటాలె," అని ఎప్పుడూ అనేది.

ఐదు రొట్టెలు ఐదు వేల మందికి సరిపోయి ఇంకా మిగిలిన కథకు ఇంటి నుంచి ఒకే ఒక జొన్నరొట్టె గుడ్డలో చుట్టుకొచ్చింది. "మీకు కావాల్సినంత తీసుకొని పక్కోళ్లకియ్యున్రి," అని మొదటివాడి చేతిలో పెట్టింది. మేం పద్నాలుగు మందిమి. ఐదో పిల్ల దగ్గరే రొట్టె అయిపోయింది. చివర కూర్చున్న ముగ్గురు ఏడుపు మొదలుపెట్టారు. ఆమె ఖాళీ గుడ్డ మడిచింది. "వచ్చే వారం మళ్ల సేద్దాం," అంది. వచ్చే వారం మేం ఎంత జాగ్రత్తగా చిటికెడు చిటికెడు తుంచుకున్నామంటే, సగం రొట్టె తిరిగి ఆమె చేతికే వచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గిదే," అని మళ్లీ గుడ్డలో చుట్టుకుంది.

తప్పిపోయిన గొర్రెను కాపరి వెతికిన కథ రోజున జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

అప్పుడు నాకు ఏడేళ్లు. ఆ వానకాలమే మా అమ్మ జ్వరంతో చనిపోయింది. బాపు అప్పటికే గల్ఫ్‌లో ఉన్నాడు, వచ్చి పదిహేను రోజులుండి తిరిగి వెళ్లిపోయాడు. నన్ను మేనత్త ఇంట్లో ఉంచారు. అత్తకు నలుగురు పిల్లలు. ఆమె నన్ను తిట్టింది లేదు, కొట్టింది లేదు. కాకపోతే అన్నం పెట్టేటప్పుడు పళ్లేలు లెక్కబెట్టుకుంటూ నాలుగే తీసేది. తర్వాత గుర్తొచ్చి ఐదోది తెచ్చేది.

ఆ ఆదివారం టీచరవ్వ నన్ను గొర్రెను చేసింది. "నువ్వు దాక్కో, మేం ఎతుకుతం," అంది. నేను ఖాళీ క్వార్టర్లలోకి పరుగెత్తాను. ఒక ఇంటి వెనక నీళ్లు లేని సిమెంటు గోలెం ఉంటే అందులో దిగి ముడుచుకుని కూర్చున్నాను. పిల్లలు కాసేపు పిలిచారు. తర్వాత వాళ్ల గొంతులు దూరమైపోయాయి. చర్చి అయిపోయి పెద్దవాళ్లు ఇళ్లకు పోతున్న చప్పుడు వినిపించింది. ఆకలయింది. కానీ లేవలేదు. ఎవరైనా వస్తారా రారా అన్నది చూడాలనిపించింది. రాకపోతే ఏం చేయాలో మాత్రం ఆలోచించుకోలేదు.

ఒక్క గొంతు మాత్రం ఆగలేదు. దగ్గరికొచ్చేది, దూరమయ్యేది, మళ్లీ వచ్చేది. "బిడ్డా, ఏడున్నవ్?" అని. రెండుసార్లు ఆ ఇంటి ముందు నుంచే పోయింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఎండ గోలెంలో సగం దాకా దిగాక, అంచు మీద ఆమె ముఖం కనిపించింది. చెమటతో తడిసిపోయింది. ఒక చెప్పు తెగితే చేతిలో పట్టుకుంది.

"పిలుస్తుంటే ఇనబడలేదా?"

"ఇనబడ్డది."

ఆమె కోప్పడుతుందనుకున్నాను.  ఆమె గోలెం అంచు మీద కూర్చుని కాళ్లు ఒత్తుకుంది. "గొర్రె గురించే అందరు చెప్తరు. ఎతికినాయన కాళ్లు ఎంత గుంజినయో ఎవ్వరు చెప్పరు," అని నవ్వింది. "పా, బువ్వ తిందాం."

ఆమె ఇంట్లో పప్పు, పచ్చిపులుసు. రెండే పళ్లేలున్నాయి. ఒకటి నా ముందు పెట్టి, తర్వాత తనది పెట్టుకుంది.

పెద్దయ్యాక నేను నిజామాబాద్ వచ్చేశాను. బట్టల దుకాణంలో ఆదివారమే గిరాకీ ఎక్కువ, కాబట్టి సెలవు దొరకదు. ఇది నేను చాలా ఏళ్లు అందరికీ చెప్పిన మాట. నిజమే కూడా. కానీ బోధన్ గంట ప్రయాణం. మంగళవారం మాకు సెలవు. ఏ మంగళవారమైనా పోవచ్చు.

పోయిన ఏడాది ఒక ఆదివారం సేటు ఇంట్లో ఏదో ఫంక్షన్ ఉండి దుకాణం తెరవలేదు. ఆ రోజు వెళ్లాను. చర్చి లోపల పిల్లల పాటలు వినిపిస్తున్నాయి. పెద్ద టీవీ పెట్టారు, అందులో బొమ్మల కథలొస్తున్నాయి. పదిమంది పిల్లలు కళ్లు తిప్పకుండా చూస్తున్నారు. వెనక్కి వెళ్తే వరండాలో చాప పరిచి ఉంది. పక్కన చెంబు, టబ్బు, మడిచిన తువ్వాల. ఆమె ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చుంది.

"పిల్లలేరవ్వా?"

"లోపల సూస్తున్రు. మంచిగుంటది, రంగులు, పాటలు. నేను గూడ రెండుసార్లు సూసిన."

"మరి నువ్వు ఈడెందుకు కూసున్నవ్?"

"ఎవరన్న బయటికొస్తే?" అంది.

నేను చాప మీద కూర్చున్నాను. ఈ రోజు ఏ కథ అని అడిగాను. యేసు శిష్యుల కాళ్లు కడిగిన కథ అంది. చెప్పులు విప్పమంది. వద్దన్నాను. "ఊకో. మూడు వారాల నుంచి నీళ్లు తోడి పెడుతున్న, అట్లనే పారబోస్తున్న," అని నా కాళ్లు టబ్బులోకి లాక్కుంది. వేళ్ల సందుల్లో కూడా కడిగి తువ్వాలతో తుడిచింది. తర్వాత నేను ఆమె కాళ్లు కడిగాను. మడమలు నెర్రెలిచ్చి ఉన్నాయి. బొటనవేలి గోరు నల్లబడింది. ఆమె కళ్లు మూసుకుంది.

"ఎంతమంది కాళ్లు కడిగించినో. నాయి ఎవలు ముట్టి ఎన్నేండ్లాయెనో," అంది మెల్లగా, నాతో కాదన్నట్టు.

వెళ్లేటప్పుడు మళ్లీ వస్తానన్నాను. ఆమె ఎప్పుడని అడగలేదు. నేను పోలేదు.

శనివారం మూడింటికి చెరుకు తోట పక్కనున్న సమాధుల దగ్గర మేం పదకొండు మందిమి. పాస్టరయ్య ప్రార్థన చేశాడు. అవ్వ పక్కింటి ఖాలా దూరంగా కొంగు కప్పుకుని నిలబడి తన తీరున దువా చేసుకుంది. అందరం తలా పిడికెడు మట్టి వేశాం. అందరూ కదిలాక కూడా ఒక లారీ డ్రైవర్ అక్కడే ఉండిపోయాడు. చిన్నప్పుడు నాతో పాటు చాప మీద కూర్చున్నవాడే. మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులతో మట్టి అంచులు సాపు చేస్తున్నాడు. నేను కూడా రెండోవైపు కూర్చుని సాపు చేశాను.  తర్వాత అతను వర్ని వైపు, నేను బస్టాండుకు.

పల్లెవెలుగు బస్సు సగం ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టర్ వచ్చి ఆధార్ కార్డు చూపించమన్నాడు. చూపించాను.

"ఒక్కరేనా?"

"ఒక్కదాన్నే."

ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ చింపి ఇచ్చి ముందుకు పోయాడు. ఎడపల్లి దాటాక బస్సు మలుపు తిరిగింది. ఎండ నా ఒళ్లోంచి జరిగి పక్క సీటు మీద పడింది. నిజామాబాద్ వచ్చేదాకా ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు.