గడ్డం కింద రెండు వేళ్ళు

ముమ్మిడివరంలో ఆడపిల్ల పెద్దమనిషయిందంటే మొదటి కబురు మేనమామకు, రెండోది సత్యదుర్గగారికి వెళ్తుంది. బస్టాండు రోడ్డులో ఎరువుల కొట్టు పైన ఆవిడ ఫోటో స్టూడియో. దాని వెనక వీధిలోనే మా ఇల్లు. చుట్టరికం ఏమీ లేకపోయినా చిన్నప్పటి నుంచి నేను ఆవిడను పిన్నిగారనే పిలుస్తాను. భర్త సుభాష్‌గారు మస్కట్‌లో ఏసీ మెకానిక్కు. స్టూడియో ఆయనదే. ఆయన వెళ్ళిపోయాక అందరూ మూసేస్తారనుకుంటే, ఈవిడ కెమెరా మెడలో వేసుకుని ఫంక్షన్లకు బయలుదేరారు.

ఓణీల ఫంక్షన్‌లో పిల్ల తలెత్తదు. పూల కుర్చీలో కూర్చోబెట్టి, నగలన్నీ వేసి, ఊరందరినీ ఎదురుగా నిలబెట్టాక ఏ పిల్ల తలెత్తుతుంది? మగ ఫోటోగ్రాఫరైతే "అమ్మా, కొంచెం పైకి చూడమ్మా" అని కిందనుంచి బతిమాలుకుంటూ ఉండాలి. పిన్నిగారు అలా కాదు. వేదిక ఎక్కుతారు. చూపుడు వేలూ మధ్య వేలూ గడ్డం కింద పెట్టి, మొహాన్ని లైటు వైపు తిప్పి, చటుక్కున వెనక్కి జరిగి నొక్కేస్తారు. పిల్ల మళ్ళీ తల దించేలోపు ఫోటో అయిపోతుంది. నా ఆల్బమ్‌లోనూ అలాంటి ఫోటో ఒకటుంది. అందులో నేను కెమెరా వైపు కాక దాని పక్కనున్న టేబుల్ ఫ్యాను వైపు చూస్తుంటాను. మా అమ్మకు మాత్రం ఆ ఫోటో అంటే ప్రాణం.

ఈ పనితనం వల్లే ఆవిడకు పేరొచ్చింది. ఈ పనితనం వల్లే సంఘంలో చులకనా వచ్చింది. మా వైపు ఫోటోగ్రాఫర్లకు ఒక సంఘం ఉంది. ఏటా ఆగస్టులో అమలాపురంలో సభ పెట్టి, ఆ ఏడాది మంచి ఫోటోను పెద్దది చేయించి వేదిక మీద నిలబెట్టి, తీసినవాళ్ళకు శాలువా కప్పుతారు. కొంగలు, కొబ్బరి దింపు, వరద గోదావరి, ఇలా అన్నిటికీ శాలువాలు దక్కాయి గాని పిన్నిగారికి ఎప్పుడూ దక్కలేదు. సంఘం అధ్యక్షుడు కనకరాజుగారు మంచి మాటకారి. "దుర్గమ్మగారు తీసేవి ఫోటోలు కావండీ బాబూ, గడ్డాలు" అని మైకులోనే అన్నారట ఒకసారి. అందరితోపాటు ఈవిడా నవ్వారట.

"నవ్వక ఏం చెయ్యనే? ఏడుస్తానా?" అన్నారు నాతో. "ఫంక్షన్ది కాకుండా ఒక్క ఫోటో తియ్యాలి తులసీ. అది చూసి ఆయనే నన్ను పిలవాలి."

ఆ కోరిక పట్టుకునే పోయిన చలికాలం సంఘం వాళ్ళతో అండమాన్ వెళ్ళారు. సంఘం ఏటా అరకో, మారేడుమిల్లో వెళ్ళేది. ఈసారి ఎవరో సముద్రం అడుగున ఫోటోలన్నారు. అందరూ ఊఁ అన్నారు. సుభాష్‌గారు మస్కట్ నుంచి కెమెరాకు నీళ్ళు చొరబడని పెట్టె ఒకటి తెచ్చిపెట్టారు. ఈత ఆవిడకు చిన్నప్పటి నుంచీ వచ్చు. మా దగ్గర కాలవలో ఈదని పిల్లలు ఆ తరంలో తక్కువ.

అక్కడ జరిగింది నేను ఆవిడ చెప్పగా విన్నాను. కొంత నా కళ్ళతో చూశాను, అదెలాగో చెబుతాను.

డైవింగు నేర్పేది వరప్రసాదం అనే కుర్రాయన. పుట్టి పెరిగింది అండమాన్‌లోనే అయినా తాతలది శ్రీకాకుళం వైపు కావడంతో తెలుగు బాగానే మాట్లాడేవాడట. నోటితో గాలి పీల్చడం, చెవులు నొప్పెడితే ముక్కు మూసుకుని ఊదడం, మాట్లాడ్డానికి బదులు చేతి సైగలు, ఇవన్నీ లోతు లేని నీళ్ళలో నేర్పించాడు. ఆఖరున రెండు చేతులూ జోడించి, "లోపల దేన్నీ ముట్టుకోకండి. చూడ్డానికే వెళ్తున్నాం" అన్నాడు. ఎగ్జిబిషన్‌లో అద్దాల పెట్టె మీద రాసి ఉండే మాటలా వినేసి వదిలేశారు ఈవిడ.

డైవింగుకు ఒంటికి అతుక్కునే నల్ల రబ్బరు సూటు వేసుకోవాలి. ఎప్పుడూ చీర, మీద కెమెరా బెల్టు తప్ప ఎరగని మనిషి. సూటు మీద సుభాష్‌గారి పొడుగు చొక్కా ఒకటి వేసుకుని, పడవలో ఓ మూల ముడుచుకుని కూర్చున్నారట. సంఘం వాళ్ళందరూ మర్యాదగానే మొహాలు పక్కకు తిప్పుకున్నారు. కనకరాజుగారు మాత్రం ఫోను తీసి, "దుర్గమ్మగారూ, ఏదీ, కాస్త గడ్డం ఎత్తండి!" అన్నారు. పడవంతా గొల్లుమంది.

"ఎత్తేరా?" అన్నాను.

"ఛ. పడవ చెక్కలో చెక్కయిపోయేను."

తర్వాత రోజు డైవులో ఇసక నేల మీద పచ్చగా గడ్డిలాంటి నాచు ఉన్నచోట వరప్రసాదం ఆగి కర్రతో చూపించాడు. ముందు ఆవిడకు ఏమీ కనపడలేదు. తర్వాత ఒక నాచు పోగును తోకతో చుట్టుకుని, నీళ్ళు ఎటు ఊగితే అటు ఊగుతూ, చిటికెన వేలంత సముద్ర గుర్రం కనిపించింది. మెడ వంచి, మూతి గుండెకు ఆనించుకుని ఉంది. వరప్రసాదం మిగతావాళ్ళను చూసుకోవడానికి వెనక్కి తిరిగాడు.

ఆవిడ కెమెరా పెట్టారు. అది అటు తిరిగింది. మెల్లగా చుట్టూ ఈది అటు వెళ్ళారు. మళ్ళీ వీపు పెట్టింది. ఇంకోసారీ అంతే. ఫోటో అంతా వీపూ, వంచిన మెడా. "అచ్చం మన పిల్లలేనే తులసీ, అచ్చం" అన్నారు నాతో. పైకి రమ్మని సైగ వచ్చింది. శాలువా, కనకరాజుగారి మొహం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయట. చెయ్యి దానంతటదే వెళ్ళింది. చూపుడు వేలూ మధ్య వేలూ, గడ్డం కింద.

ఫోటో వచ్చింది. చిన్న కిరీటంలాంటి తల పైకెత్తి, ఎండ పొడ మొహాన పడుతుంటే, సముద్ర గుర్రం తిన్నగా మన కళ్ళలోకి చూస్తున్న ఫోటో అది. ఇంటికొచ్చి చూపించగానే నాకు ఒళ్ళు జలదరించింది. నన్ను కింద నాలుగు ముక్కలు రాసిపెట్టమన్నారు. తెలుగు ఎం.ఏ. చదివినందుకు వీధిలో పెళ్ళిపిలుపులూ కర్మ కార్డులూ నేనే రాస్తాను మరి. "తలెత్తి చూసిన సముద్రం" అని రాశాను. సంఘం వాళ్ళు ఏకగ్రీవంగా ఆ ఫోటోనే ఎంచారు. కనకరాజుగారే స్వయంగా ఫోను చేసి, "ఈసారి వేదిక మీదే మీ కుర్చీ అమ్మా" అన్నారు. పిన్నిగారు కింద ఎరువుల కొట్టుకు కూడా మిఠాయి పంపారు. ముమ్మిడివరం సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు, ఒక పక్క సముద్ర గుర్రం, ఇంకో పక్క పిన్నిగారు.

సభలో వేయడానికి అండమాన్ వీడియోలన్నీ కలిపి చిన్నది తయారుచేద్దామని ఒక మధ్యాహ్నం ఇద్దరం కంప్యూటరు ముందు కూర్చున్నాం. ఆవిడ మణికట్టుకు ఇంకో చిన్న కెమెరా కట్టుకున్నారట. దాన్ని ఆపడం మరిచిపోయారు. అదంతా అందులో ఉంది.

తెర మీద ముందు ఆవిడ చెయ్యి వచ్చింది. రెండు వేళ్ళు గడ్డం కింద దూరాయి. తల లేచింది. దాంతోపాటే నాచు పోగు నుంచి తోక ఊడింది. తోక ఒక్క క్షణం నీళ్ళలో వెతుక్కుని, చటుక్కున ఆవిడ వేలిని చుట్టుకుంది. పసిపిల్లలు పట్టుకున్నట్టు, గట్టిగా. ఫోటో తీసింది అప్పుడే. ఫోటోలో వేలు లేదు, కింద భాగం కత్తిరించేశారు. ఆ తర్వాత పైకి వెళ్ళాలి గనక ఆవిడ చెయ్యి విదిలించారు. ఒకసారి విదిలిస్తే వదల్లేదు. ఇంకో చేత్తో తోక ఊడదీశారు.

వీడియో పైకి లేస్తోంది. కింద ఆ పచ్చటి నాచు దూరమవుతోంది. నాచుకూ మనకూ మధ్య, పట్టుకోవడానికి ఏమీ లేనిచోట, అది నీళ్ళ ఊపుకు కొట్టుకుపోతోంది. తోక చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. ఏమీ అందడం లేదు. నలకంత అయ్యేవరకూ తోక ఆడుతూనే ఉంది.

పిన్నిగారు మళ్ళీ వెయ్యమనలేదు. ఆపమనీ అనలేదు. తన కుడిచేతిని చీర కుచ్చెళ్ళలో దాచుకుని కూర్చున్నారు.

"అప్పుడు నాకు ముద్దొచ్చిందే," అన్నారు. "వేలు పట్టుకుంటే, నన్ను ఇష్టపడిందనుకున్నాను."

నేను ఏదో అనాలని, "మీకు తెలీదు కదా పిన్నిగారూ" అన్నాను.

"తెలీకపోవడమేంటి? నేను ఎత్తిన గడ్డాలన్నీ అలాగే బిగుసుకునేవి. వేళ్ళకి తెలుస్తుంది కదా. నీదీ తెలుసు నాకు."

నేను తల దించుకున్నాను. ఆవిడ నా వైపు చూడలేదు, అది మేలయింది.

సభ రోజు నన్ను తోడు తీసుకెళ్ళారు. హాలు బయటే కనకరాజుగారిని పక్కకు పిలిచి చెప్పారు.

"ఆ ఫోటో తీసెయ్యండన్నయ్యగారూ. నేను దాన్ని పట్టుకుని తిప్పేనండి. దాని చోటు నుంచి ఊడగొట్టేసేను."

"అయితే ఏవైందమ్మా?"

"ప్రాణం ఉన్నదాన్ని ముట్టుకుని తీసిన ఫోటో శాలువాకి పెట్టకూడదు కదండీ. మన రూలే కదండీ."

"ఆయ్, రూలే. గాని సముద్రంలో ఎవరు చూసేరమ్మా? వరప్రసాదం ఏమైనా ఫోను చేసేడా? లేదు కదా. ఫ్లెక్సీలు కట్టేసేం, ఎమ్మార్వోగారు దారిలో ఉన్నారు. బంగారంలాంటి ఫోటో. మీరు రండి, కూర్చోండి."

కూర్చున్నారు. వేదిక మీద, ఇన్నేళ్ళుగా అనుకున్న కుర్చీలో. నేను మూడో వరసలోంచి చూస్తున్నాను. పేరు పిలిచారు. శాలువా రాకముందే ఆవిడ మైకు దగ్గరకు వెళ్ళి ఏదో అన్నారు. మాట మైకుకు అందలేదు. కృతజ్ఞతలు చెబుతున్నారనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకు ఆవిడ మొహం పాలిపోయింది. దిగిపోతారనుకున్నాను. దిగిపోయినా ఎవరికీ తెలిసేది కాదు. చప్పట్లు ఆగేవరకూ నిలబడి, మైకు మొహానికి దగ్గరగా లాక్కుని మళ్ళీ చెప్పారు.

"ఆ ఫోటో మంచిది కాదండి. అది తలెత్తలేదు. నేనే ఎత్తేను. దాని పట్టు ఊడదీసేసి వదిలేసి వచ్చేసేను. నాకు శాలువా వద్దండి."

ఈసారి అందరికీ వినపడింది. వెనక వరసలోంచి ఎవరో, "గుర్రం గడ్డం కూడా వదల్లేదేంటండీ దుర్గమ్మగారూ!" అన్నారు. అంతే, హాలు పగలబడి నవ్వింది. కనకరాజుగారూ నవ్వుతూనే వచ్చి శాలువా కప్పబోయారు. వాళ్ళ దృష్టిలో అదేమంత తప్పు కాదు, అందుకే క్షమించేశారు. తిట్టి ఉంటే ఆవిడకు కాస్త తేలికయ్యేదేమో. శాలువాను కుర్చీ మీద పెట్టి దిగివచ్చేశారు. ఆటోలో ముమ్మిడివరం వచ్చేశాం. సెంటర్లో ఫ్లెక్సీ దగ్గరకు రాగానే తలను అవతలివైపుకు తిప్పుకున్నారు.

ఆ తర్వాత వారమే చేపల చెరువుల వ్యాపారం చేసే రాజేంద్రగారి అమ్మాయి ఓణీల ఫంక్షన్. లైట్లు పట్టుకునే మనిషి రాలేదని నన్ను రమ్మన్నారు. పిల్ల పేరు దుర్గాసాయి, ఏడో తరగతి. పూల కుర్చీలో మెడ వంచుకుని, మూతి గుండెకు ఆనించుకుని కూర్చుంది.

"ఏవండీ దుర్గగారూ, గడ్డం ఎత్తరేంటండీ? మీరున్నారనే కదా పిలిచేం!" అన్నారు తల్లి అన్నపూర్ణగారు.

పిన్నిగారు వేదిక ఎక్కారు. చెయ్యి ముందుకు వెళ్ళింది. రెండు వేళ్ళూ చాచుకున్నాయి కూడా. నేను చూస్తున్నాను. గడ్డం దగ్గర ఆగి, చెయ్యి కిందకు జారింది. అలా జారుతుండగా ఆ పిల్ల, తల ఎత్తకుండానే, ఆ వేలిని గబుక్కున పట్టుకుంది.

పిన్నిగారు కదల్లేదు. వెనక జనం అరుస్తున్నారు, డ్రోన్ కుర్రాడు జరగమంటున్నాడు, అన్నపూర్ణగారు ఆల్బమ్ పాడైపోతుందంటున్నారు. కెమెరాను మెడలోంచి ఎడం చేత్తో తీసి నాకు అందించారు.

"నువ్వు నొక్కు తులసీ."

"మీరు పక్కకొస్తే కదండీ. మీ చెయ్యి పడుతుంది."

"పడనీ."

నాకు ఫోటోలు తియ్యడం రాదు, అయినా నొక్కాను. వంచిన తల, జడగంటలు, పక్కన సగం వరకే ఒక మనిషి చీర, మధ్యలో గట్టిగా బిగిసిన చిన్న పిడికిలి. ఆల్బమ్‌లో అది వద్దని రాజేంద్రగారి వాళ్ళు చెప్పేశారు. వాళ్ళ రెండో అమ్మాయికి వేరే స్టూడియోను మాట్లాడుకుంటారట.

ఆ ఫోటో ఇప్పుడు స్టూడియో గోడ మీద ఉంది. సముద్ర గుర్రం కోసం కొట్టిన మేకుకే. కింద ఏమైనా రాయనా అని అడిగాను. వద్దన్నారు.